గ్రాఫ్ వచ్చాకే అసలు పని మొదలైంది: లైనక్స్ మీద నెట్‌వర్క్ మానిటరింగ్ డైరీ

రోజు 1

రెండో అంతస్తు వాళ్ళు నెలరోజులుగా ఒకటే గోల, మధ్యాహ్నం అయితే చాలు నెట్ నత్తనడక నడుస్తోందని, మనం పైకెళ్ళి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది, స్పీడ్ టెస్ట్ పెడితే 90 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దాటి వస్తుంది, సరేలే అని దిగొచ్చేస్తాం, మళ్ళీ మర్నాడు అదే ఫోన్. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, మేమూ చెప్పట్లేదు, చూపించడానికి మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు. నిన్న 2 గంటలకి ఆ లింకు మీద ఎంత ట్రాఫిక్ నడిచింది అని ఎవరైనా అడిగితే నోరు మూసుకుని నిలబడాలి, ఆ సంగతి నాకు చాలా బాధగా ఉంది. అందుకే ఒక లైనక్స్ సర్వర్ మీద మానిటరింగ్ పెట్టేద్దామని కూర్చున్నా, చేసింది చేసినట్టు ఇక్కడ రాసుకుంటూ పోతా.

మా దగ్గరున్నవి ఒక రౌటర్, ఒక కోర్ స్విచ్, అంతస్తుకొకటి చొప్పున మూడు స్విచ్‌లు, రెండు లైనక్స్ సర్వర్లు, ఒక నాస్ బాక్స్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే డిస్కుల పెట్టె), ఆరు వైఫై యాక్సెస్ పాయింట్లు. మొత్తం 14.

టూల్ ఎంచుకోవడానికే సగం రోజు పోయింది. నాగియోస్ 1999 నుంచీ ఉంది, ఏది లేచింది ఏది పడింది అని చెప్పడంలో గట్టిది, నాకు కావాల్సింది గ్రాఫులు. ప్రొమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైంది, సర్వర్లకీ కంటైనర్లకీ అంతకన్నా మంచిది నేను చూడలేదు, స్విచ్‌లని అడగాలంటే మాత్రం మధ్యలో ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలని వివరాలు అడిగే పద్ధతి) ఎక్స్‌పోర్టర్ పెట్టి ఏ ఓఐడీలు (ఒక్కో వివరానికి ఉండే నంబర్లు) లాగాలో మనమే తయారుచేసి ఇవ్వాలి. జాబిక్స్ అన్నీ చేస్తుంది, దాని టెంప్లేట్లు ఒంటబట్టడానికి టైమ్ కావాలి. చివరికి లిబ్రెఎన్‌ఎంఎస్ దగ్గర ఆగా. ఇది 2013లో అబ్జర్వియం నుంచి విడిపోయి వచ్చిన ప్రాజెక్టు, స్విచ్ ఐపీ ఇచ్చి ఎస్‌ఎన్‌ఎంపీ వివరాలు చెప్తే పోర్టులన్నీ తనే వెతుక్కుని గ్రాఫులు గీసేస్తుంది, లోపల ఆ అంకెలు దాచేది ఆర్‌ఆర్‌డీటూల్, ఎంఆర్‌టీజీ అనే పాత ట్రాఫిక్ గ్రాఫుల టూల్ రాసిన టోబియాస్ ఓటికరే 1999లో దాన్ని తెచ్చారు. ఇన్నేళ్ళుగా నిలబడ్డ సరుకు కాబట్టి నమ్మకంగా మొదలుపెట్టా.

వర్చువల్ మెషిన్ ఒకటి తీసుకున్నా, 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్, డెబియన్ 12. ఇంతమాత్రం డివైజ్‌లకి ఇది సరిపోతుంది, ఎక్కువ డివైజ్‌లుంటే ముందు ఇబ్బంది పెట్టేది డిస్కే, ఎందుకంటే ప్రతి 5 నిమిషాలకీ వందల చిన్న చిన్న ఫైళ్ళలో ఒక్కో అంకె రాస్తూ ఉంటుంది.

రోజు 2

ఇన్‌స్టాల్. మారియాడీబీ 10.11, పీహెచ్‌పీ 8.2, ఎన్‌జిన్‌ఎక్స్, ఎఫ్‌పింగ్, ఆర్‌ఆర్‌డీటూల్ అన్నీ డెబియన్ రిపోలోవే వేసుకున్నా, లిబ్రెఎన్‌ఎంఎస్‌ని గిట్‌తో ఆప్ట్ ఫోల్డర్లోకి తెచ్చి దానికంటూ వేరే యూజర్ని పెట్టా, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలో (వెబ్ పేజీల కోసం పీహెచ్‌పీని నడిపేది) దానికంటూ వేరే పూల్ కూడా. డేటాబేస్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టడం మర్చిపోకండి, తర్వాత మార్చడం చాలా తలనొప్పి.

ఇక్కడ రెండు చోట్ల ఆగిపోయా. మొదటిది టైమ్‌జోన్. సిస్టమ్‌లో ఒకటి, పీహెచ్‌పీలో ఇంకొకటి ఉంటే గ్రాఫులు ఒక టైమ్, ఈవెంట్లు ఒక టైమ్ చూపిస్తాయి, అది తెలిసే పీహెచ్‌పీ ఇని ఫైల్లో మార్చా, అయినా అంతా సరిగ్గా ఉందో లేదో చూసే వ్యాలిడేట్ స్క్రిప్ట్ ఒప్పుకోలేదు. సంగతేంటంటే డెబియన్‌లో పీహెచ్‌పీకి ఇని ఫైళ్ళు వేర్వేరుగా ఉంటాయి, వెబ్ పేజీకి ఎఫ్‌పీఎం ఫోల్డర్లోది, కమాండ్ లైన్‌కి సీఎల్ఐ ఫోల్డర్లోది. డేటా లాగే పోలర్ నడిచేది కమాండ్ లైన్లో, మనకి కనపడేది వెబ్‌లో, కాబట్టి రెండూ మార్చాలి.

రెండోది చెప్తే చిన్నదే, మింగింది మాత్రం రెండు గంటలు. అంతా అయింది, వ్యాలిడేట్ చేస్తే ఇప్పటిదాకా పోలర్ ఒక్కసారి కూడా నడవలేదు అంటోంది. 5 నిమిషాలు ఆగా, 10 ఆగా, లాగ్‌లో ఏమీ లేదు, ఎర్రర్ లేదు, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్ సర్వీస్ చూస్తే చక్కగా నడుస్తోంది. చేత్తో పోలర్ నడిపితే నడుస్తుంది. ఫైల్ పర్మిషన్లు చూశా, యూజర్ పేరు చూశా, ఫైల్ చివర ఖాళీ లైన్ ఉందో లేదో కూడా చూశా. చివరికి క్రాన్ మాన్యువల్ పేజీ మొదటినుంచీ చదివితే అక్కడ ఉంది: క్రాన్ డాట్ డీ ఫోల్డర్లో పెట్టే ఫైలు పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫెన్ తప్ప ఇంకేం ఉండకూడదు, చుక్క ఉంటే డెబియన్ క్రాన్ ఆ ఫైల్ని చదవనే చదవదు. నేను ప్రాజెక్టులో ఇచ్చిన ఫైల్ని ఉన్న పేరుతోనే కాపీ చేశా, దాని పేరు చివర చుక్క, క్రాన్ అని ఉంది. డాక్యుమెంటేషన్లో ఇచ్చిన కమాండ్ కాపీ అయ్యేటప్పుడే ఆ చుక్క తీసేసి పేరు మారుస్తుంది, నేను కమాండ్ సొంతంగా టైప్ చేయబట్టి వచ్చిన చిక్కు ఇది. పేరు మార్చిన 5 నిమిషాలకి పోలర్ లేచింది.

రోజు 3

ఈరోజంతా ఎస్‌ఎన్‌ఎంపీ. కొత్తగా చూసేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ప్రతి స్విచ్, రౌటర్, సర్వర్ లోపల ఒక ఏజెంట్ ఉంటుంది, మనం యూడీపీ 161 పోర్ట్ మీద ఒక ఓఐడీ నంబర్ చెప్పి అడుగుతాం, అది జవాబిస్తుంది, అంతే. ఏదైనా జరిగినప్పుడు అదే తనంతట తాను చెప్పాలంటే ట్రాప్ అంటారు, అది 162 మీద వస్తుంది. వెర్షన్ 1లో, 2సీలో పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ స్ట్రింగ్ తీగ మీద ఉన్నదున్నట్టు వెళ్తుంది, మధ్యలో ఎవరు వింటే వాళ్ళకి దొరికిపోతుంది, వెర్షన్ 3లో యూజర్ పేరు, ఆథెంటికేషన్, ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి. కాబట్టి వీలున్నచోటల్లా 3 పెట్టాలని ముందే అనుకున్నా.

ముందు సొంత లైనక్స్ సర్వర్లతో మొదలుపెట్టా. ఎస్‌ఎన్‌ఎంపీడీ (లైనక్స్‌లో ఆ ఏజెంట్) వేసి, మానిటరింగ్ సర్వర్ నుంచి అడిగితే టైమౌట్. అదే సర్వర్లోకి లాగిన్ అయ్యి తననే తాను అడిగితే జవాబు వస్తోంది. యూడీపీతో ఇదే కష్టం, టైమౌట్ అంటే దారిలో ఫైర్‌వాల్ ఆపిందో, ఏజెంట్ వినట్లేదో, కమ్యూనిటీ తప్పో ఏమీ తెలియదు, ఎందుకంటే పేరు తప్పు చెప్తే ఏజెంట్ తప్పు అని కూడా చెప్పదు, అసలు పలకదు. ఇలాంటప్పుడు ఊహల మీద ఒక్కోటీ మార్చుకుంటూ పోతే చీకట్లో బాణాలు వేసినట్టే. వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టి చూశా, ప్యాకెట్ సర్వర్ దాకా వస్తోంది, అంటే దారి బాగుంది. తర్వాత ఎస్ఎస్ కమాండ్‌తో ఏ అడ్రస్ మీద వింటోందో చూస్తే 127.0.0.1 అని ఉంది, అంటే తన మెషిన్ లోపలి మాట మాత్రమే వింటోంది. డెబియన్ ప్యాకేజీలో డీఫాల్ట్ అదే, బయటివాళ్ళెవరికీ పలకదు, సెక్యూరిటీకి అది మంచిదే. ఏజెంట్ అడ్రస్ లైన్లో సర్వర్ అసలు ఐపీ ఇచ్చి, ఫైర్‌వాల్లో 161 ఒక్క మానిటరింగ్ సర్వర్‌కే తెరిచా.

ఇప్పుడు జవాబు వస్తోంది కానీ సిస్టమ్ పేరు, అప్‌టైమ్ లాంటి నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోతోంది, ఇంటర్‌ఫేస్‌లు లేవు, డిస్కులు లేవు. మళ్ళీ అదే కాన్ఫిగ్ ఫైల్, సిస్టమ్‌ఓన్లీ అనే వ్యూ పెట్టి ఉంది, అంటే సిస్టమ్ గ్రూపు తప్ప మిగతాదంతా మూసేసి ఉంచారు. నాకు కావాల్సిన కొమ్మలన్నీ కనపడేలా ఇంకో వ్యూ రాసి, అది చదవడానికి మాత్రమే వీలున్న వెర్షన్ 3 యూజర్‌కి కట్టబెట్టా. వెర్షన్ 3 యూజర్ని తయారుచేసే ముందు ఎస్‌ఎన్‌ఎంపీడీని ఆపాలి, నడుస్తుండగా చేస్తే ఆగేటప్పుడు తన ఫైల్ తనే తిరగరాసుకుని మనం రాసింది తుడిచేస్తుంది. పాస్‌వర్డ్ 8 అక్షరాలకి తగ్గకూడదు.

స్విచ్‌ల్లో మూడు వెర్షన్ 3కి ఒప్పుకున్నాయి. మూడో అంతస్తుది బాగా పాతది, దానికి 3 రాదు. దాన్ని మేనేజ్‌మెంట్ వీలాన్లోకి (పరికరాల నిర్వహణకి విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) మార్చి, మానిటరింగ్ సర్వర్ ఐపీ తప్ప ఇంకెవరడిగినా పలకకుండా యాక్సెస్ లిస్ట్ పెట్టా.

రోజు 4

14కి 13 ఎక్కాయి. ఒక యాక్సెస్ పాయింట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ లేనే లేదు, దానికి పింగ్ ఒక్కటే. ఇంకేం రాయడానికి లేదు ఈరోజు.

రోజు 6

మూడు రోజుల డేటా చేరింది, గ్రాఫులు చూస్తుంటే కడుపు నిండినట్టుంది. అయితే మూడో అంతస్తు పాత స్విచ్ అప్‌లింక్ (కోర్ స్విచ్‌కి వెళ్ళే లింకు) గ్రాఫ్ నాకు మింగుడు పడలేదు. గీత అక్కడక్కడా తెగిపోయి ఖాళీలు, మిగతాచోట్ల ఏ టైమ్‌లో చూసినా 100 చుట్టుపక్కల దాటట్లేదు, రాత్రి బ్యాకప్ నడిచే టైమ్‌లో కూడా అంతే. బ్యాకప్ ఎంత డేటా లాగుతుందో నాకు తెలుసు, అంత డేటా ఆ టైమ్‌లో అయిపోవాలంటే ఆ స్పీడ్ చాలదు. లెక్క కుదరట్లేదు.

ఊరికే చూస్తూ కూర్చుంటే తెలీదని రెండు మెషిన్ల మధ్య స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్3 బయటికి తీశా. ఆ స్విచ్ కింద ఒక లాప్‌టాప్, కింద సర్వర్, రెండిటి మధ్యా 15 నిమిషాలు ఆపకుండా ట్రాఫిక్ తోశా. ఐపెర్ఫ్ 941 ఎంబీపీఎస్ అంటోంది. గ్రాఫ్ అదే 15 నిమిషాల్లో ఒక గీత 60 దగ్గర చూపించి, తర్వాత ఖాళీ వదిలేసింది. అంటే లింకు గట్టిదే, కొలిచేవాడిదే తప్పు.

కారణం కౌంటర్ సైజు. స్విచ్ స్పీడ్ అనే అంకె ఇవ్వదు, ఈ పోర్టులోంచి మొదటినుంచీ ఎన్ని బైట్లు వెళ్ళాయి అనే కౌంటర్ ఇస్తుంది, పోలర్ 5 నిమిషాల క్రితం అంకెని ఇప్పటి అంకెలోంచి తీసేసి 300తో భాగిస్తే స్పీడ్ వస్తుంది. పాత కౌంటర్ 32 బిట్లది, 4,294,967,296 దగ్గర మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది, పాత స్కూటర్ మీటర్ నిండిపోయి మళ్ళీ సున్నాలకి తిరిగినట్టు. 1 జీబీపీఎస్ నిండా నడిస్తే అది 34 సెకన్లకే తిరిగిపోతుంది. మనం చూసేది 300 సెకన్లకోసారి. మధ్యలో అది ఎనిమిది చుట్లు తిరిగినా మనకి తెలియదు, చివరి అంకె ముందుదానికన్నా పెద్దగా కనిపిస్తే తప్పుడు స్పీడ్ వస్తుంది, చిన్నగా కనిపిస్తే తేడా మైనస్‌లోకి వెళ్ళి ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. 5 నిమిషాలకోసారి అడిగే 32 బిట్ల కౌంటర్‌తో గట్టిగా కొలవగలిగేది దాదాపు 114 ఎంబీపీఎస్ దాకానే, లెక్క వేసుకుని చూడండి, నా గ్రాఫ్ 100 చుట్టుపక్కలే ఎందుకు తచ్చాడిందో తెలిసిపోతుంది.

దీనికి మందు 64 బిట్ల కౌంటర్లు, చాలా ఏళ్ళుగా ఉన్నవే, ఓఐడీ పేరులో హెచ్‌సీ అని ఉంటుంది, కానీ వెర్షన్ 1లో 64 బిట్ల కౌంటర్ అనే రకమే లేదు. వెళ్ళి చూస్తే ఈ స్విచ్‌ని వెర్షన్ 1తో ఎక్కించి ఉన్నా, 2సీ అని మార్చాల్సిన చోట మార్చలేదు. మార్చా, పోర్టులు వెతికే డిస్కవరీ మళ్ళీ నడిపా, ఐపెర్ఫ్ మళ్ళీ 15 నిమిషాలు. ఈసారి గ్రాఫ్ 985 దగ్గర నిలబడింది.

941 పంపితే 985 ఎందుకొచ్చింది అని అక్కడ కూడా ఆగా, ఎందుకంటే కుదరని లెక్కని వదిలేసే అలవాటు వల్లే రెండో అంతస్తు గొడవ నెలరోజులు సాగింది. ఐపెర్ఫ్ లెక్కపెట్టేది లోపలి సరుకు మాత్రమే, ఒక ప్యాకెట్‌లో 1448 బైట్లు. పోర్ట్ కౌంటర్ ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ హెడర్లతో సహా లెక్కపెడుతుంది, 1514 నుంచి 1518 బైట్లు. 941ని ఆ నిష్పత్తిలో పెంచితే సరిగ్గా 985 దగ్గరికే వస్తుంది. ఇక 1000కి మిగిలిన ఆ కాస్తా ఫ్రేముకి ముందుండే 8 బైట్ల ప్రియాంబుల్, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 12 బైట్ల గ్యాప్, వాటిని ఏ కౌంటరూ లెక్కపెట్టదు. మొత్తం కుదిరింది. ఆ తర్వాత అన్ని అప్‌లింకులకీ ఇదే పరీక్ష పెట్టా, చేత్తో తెలిసినంత ట్రాఫిక్ పంపి గ్రాఫ్ అదే చెప్తోందా అని, అది పాసైతేనే ఆ గ్రాఫ్‌ని నమ్మేది అని నియమం పెట్టుకున్నా.

రోజు 7

ఆ పరీక్షలోనే రెండో అంతస్తు దొరికిపోయింది.

ఐపెర్ఫ్ పెడితే 94 ఎంబీపీఎస్. ఎన్నిసార్లు పెట్టినా 94. వెంటనే గడిచిన నాలుగు రోజుల గ్రాఫ్ తెరిచి చూశా. మిగతా అంతస్తుల గ్రాఫులు కొండల్లా ఉంటాయి, పొద్దున్న ఎక్కుతుంది, భోజనాల వేళ దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. రెండో అంతస్తుది పొద్దున్న మామూలుగానే ఎక్కి, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా పైన ఎవరో కత్తితో కోసేసినట్టు బల్లపరుపుగా ఉంది, 100కి ఒక్క పిసరు కింద. ట్రాఫిక్ అలా గీత గీసినట్టు ఉండదు, అలా ఉందంటే పైన కప్పు తగులుతోందన్నమాట. పోర్టు వివరాల్లో చూస్తే స్పీడ్ 100 అని స్పష్టంగా రాసుంది, గిగాబిట్ పోర్టు, గిగాబిట్ స్విచ్, మధ్యలో 100. మేం పైకెళ్ళి స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడల్లా 90 దాటి వచ్చింది, ఆ అంకె బాగుందనుకున్నాం, అదే రోగం.

కేబులింగ్ చూసే అన్నకి ఫోన్ చేశా.

“అన్నా, రెండో అంతస్తు ర్యాక్‌లో అప్‌లింక్ పోర్టు లైటు ఏ రంగులో ఉందో ఒకసారి చూస్తావా?”

“నారింజ రంగులో ఉంది తమ్ముడూ. మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయి.”

“ప్యాచ్ కార్డ్ మార్చి చూడన్నా.”

మార్చినా నారింజే. అన్న టెస్టర్ తగిలించి రెండు నిమిషాల్లో చెప్పాడు, 4, 5 పిన్నుల జత రావట్లేదని. నేనూ పైకెళ్ళా. ప్యాచ్ ప్యానెల్ వెనక కవర్ తీసి టార్చ్ వేస్తే కనపడింది, నీలం జతలో తెల్లచార తీగ కోతలోంచి బయటికి వచ్చేసి ఊరికే గాల్లో ఉంది, పక్కనున్న నీలం తీగ మాత్రం గట్టిగానే కూర్చుని ఉంది. ఎప్పుడో ఎవరో పక్క కేబుల్ లాగినప్పుడు ఊడి ఉంటుంది. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలే చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక జత పోతే కొన్ని స్విచ్‌లు లింకే ఎక్కించవు, కొన్ని మాత్రం సర్దుకుని 100కి దిగి నడిపించేస్తాయి, మాది రెండో రకం. లింకు పూర్తిగా పడిపోయుంటే అదే రోజు పట్టుకునేవాళ్ళం.

అన్న పంచింగ్ టూల్‌తో తీగని మళ్ళీ కూర్చోబెట్టి టక్‌మని నొక్కాడు. లైటు ఆరి, మూడు సెకన్లు చీకటి, తర్వాత పచ్చగా వెలిగింది. ఐపెర్ఫ్ 941.

రోజు 9

అలర్టులు. మొదట్లోనే డీఫాల్ట్ రూల్సన్నీ ఆన్ చేసేశా, కోర్ స్విచ్ ఫర్మ్‌వేర్ కోసం రీబూట్ చేస్తే దాని వెనకున్నవన్నీ ఒక్కసారిగా పడిపోయినట్టు లెక్కేసి మెయిల్ మీద మెయిల్, లేచాక లేచినట్టు మళ్ళీ అన్ని మెయిల్స్. ఇలా నాలుగు రోజులు నడిస్తే ఎవరూ చదవరు, నాన్నా పులి కథలోలా నిజం పులి వచ్చినరోజు మెయిల్ చూసేవాళ్ళు ఉండరు. అందుకే ప్రతి డివైజ్‌కీ దాని తల్లి డివైజ్ ఏదో చెప్పా, తల్లి పడితే పిల్లల గురించి చెప్పకుండా తల్లి గురించే చెప్తుంది. డౌన్ అలర్ట్‌కి ఆలస్యం కూడా పెట్టా, వరసగా రెండు పోల్స్‌లో దొరక్కపోతేనే మెయిల్.

తర్వాత రూల్స్ ఒక్కోటీ ముందు పెట్టుకుని, ఇది రాత్రి 2 గంటలకి వస్తే నేను లేచి చేసే పని ఏదైనా ఉందా అని అడుగుతూ పోయా. పని లేదంటే అది అలర్ట్ కాదు, పొద్దున్న పేజీలో చూసుకునే సంగతి. అలా చివరికి ఆరు మిగిలాయి: డివైజ్ పడిపోవడం, డిస్క్ 85 శాతం దాటడం, అప్‌లింక్‌లో ఎర్రర్లు పెరగడం, టెంపరేచర్, నాస్‌లో డిస్క్ పాడవడం, ఇక ఏడో రోజు నేర్పిన పాఠం కొద్దీ నేను సొంతంగా రాసుకున్నది, అప్‌లింక్ స్పీడ్ 1000 కన్నా తగ్గితే చెప్పమని.

రోజు 12

ఒకటో అంతస్తులో ఇంకో ఫిర్యాదు. ఇంటర్నెట్ కాల్స్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని. ఇప్పుడు గ్రాఫ్ ఉంది కదా అని ధీమాగా తెరిస్తే అప్‌లింక్ వాడకం 15 శాతం కూడా లేదు. నెట్‌వర్క్ బాగుంది అనేద్దామనిపించింది, కానీ వాళ్ళు చెప్పేది కూడా నిజమే అని ఈపాటికి నాకు బుద్ధొచ్చింది కదా, ఇంకాస్త తవ్వా.

గ్రాఫ్‌లో ఉన్న ప్రతి చుక్కా 5 నిమిషాల సగటు. 30 సెకన్లు లింకు నిండా ట్రాఫిక్ నడిచి మిగతా నాలుగున్నర నిమిషాలు ఖాళీగా ఉంటే గ్రాఫ్ 10 శాతం అంటుంది. ఆ 30 సెకన్లలో కాల్‌లో ఉన్నవాడికి నరకం, గ్రాఫ్‌కి ప్రశాంతం. ఆర్‌ఆర్‌డీ పద్ధతిలో డేటా పాతబడేకొద్దీ ఆ సగటుల మీద ఇంకో సగటు వేసి సర్దేస్తుంది, ఫైలు సైజు పెరగకుండా ఉండేది అందుకే, కాబట్టి పోయిన నెలది చూస్తే కొండలు ఇంకా చదునుగా కనపడతాయి.

సగటు దాచలేని సాక్షి ఒకటుంది. స్విచ్ క్యూ నిండిపోయి ప్యాకెట్‌ని పారేసినప్పుడల్లా అవుట్ డిస్కార్డ్స్ అనే కౌంటర్ ఒకటి పెరుగుతుంది, అర సెకను జరిగినా ఆ అంకె అలాగే ఉండిపోతుంది. ఆ గ్రాఫ్ తెరిస్తే ప్రతి గంటా మొదటి 5 నిమిషాల్లో ఒక చిన్న ముల్లు. ఇక ఆ పోర్టు ఒక్కదాన్నే గంట మారే టైమ్‌లో 5 సెకన్లకోసారి చేత్తో అడిగే చిన్న షెల్ స్క్రిప్ట్ రాసి కూర్చున్నా. గంట కొట్టగానే 20 సెకన్ల పాటు పోర్టు నిండా ట్రాఫిక్, ఎక్కడికంటే నాస్‌కి. ఒక మెషిన్లో గంటకోసారి ఫోల్డర్ సింక్ పెట్టి ఉంది, దాంట్లో ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌కి బ్యాండ్‌విడ్త్ లిమిట్ లేదు. లిమిట్ పెట్టించా, కాల్స్ ట్రాఫిక్‌కి స్విచ్‌లో ముందు వరస ఇచ్చా, తర్వాతి గంట నుంచి ముల్లు మాయం. ఇది దొరికినప్పుడు నిజంగా చాలా సంతోషమేసింది, ఏడో రోజు తీగ దొరికినప్పటికన్నా ఎక్కువ.

రోజు 13

పోర్టులకి పేర్లు పెట్టడం. స్విచ్‌లోనే ప్రతి పోర్టుకీ డిస్క్రిప్షన్ రాస్తే లిబ్రెఎన్‌ఎంఎస్ దాన్నే చూపిస్తుంది, 17వ పోర్టు అనే బదులు రెండో అంతస్తు ప్రింటర్ అని కనపడుతుంది. పక్కనున్నది ఏదో స్విచ్‌లు ఒకదానికొకటి చెప్పుకునే ఎల్ఎల్‌డీపీ ఆన్ చేస్తే స్విచ్‌ల మధ్య లింకులు మ్యాప్‌లా అదే గీసింది, మిగతావాటికి మాత్రం నడవాల్సిందే, రోజంతా ర్యాకుకీ డెస్కుకీ మధ్య తిరిగా. పనిలో పనిగా పోర్టుల్ని గుర్తుపట్టే పద్ధతి ఇండెక్స్ నుంచి పోర్టు పేరుకి మార్చా, ఎందుకంటే కొన్ని స్విచ్‌ల్లో రీబూట్ తర్వాత ఇండెక్స్ నంబర్లు మారిపోయి ఒక పోర్టు గ్రాఫ్‌లో ఇంకో పోర్టు డేటా చేరిపోతుంది.

రోజు 15

ఈ మానిటరింగ్ సర్వరే పడిపోతే? మెయిల్ రాదు, మెయిల్ రాలేదంటే అంతా బాగుందనే కదా అందరం అనుకునేది. రెండో రోజు క్రాన్ సంగతి ఇంకా గుర్తుంది, ఏ ఎర్రరూ లేకుండా ఊరికే నడవకుండా ఉండిపోయింది. కాబట్టి ఇంకో లైనక్స్ సర్వర్లో చిన్న స్క్రిప్ట్ పెట్టా, పోలర్ చివరిసారి ఎప్పుడు నడిచిందో 10 నిమిషాలకోసారి చూస్తుంది, 15 నిమిషాలు దాటితే అది చెప్తుంది.

ఇంకో చిక్కు, ఇంటర్నెట్ లింకు పోయిందని చెప్పాల్సిన మెయిల్ వెళ్ళేది కూడా ఆ లింకు మీదే. దీనికి ఒక యూఎస్‌బీ మోడెమ్, సిమ్ పెట్టి ఎస్‌ఎంఎస్ వెళ్ళేలా చేశా. కాన్ఫిగ్ చూసి సరే అనుకోకుండా రౌటర్ దగ్గరికెళ్ళి ఇంటర్నెట్ కేబుల్ పీకేశా, అందరికీ ముందే చెప్పి. 11 నిమిషాలకి జేబులో ఫోన్ మోగింది.

రోజు 18

బ్యాకప్. డేటాబేస్ డంప్, ఆర్‌ఆర్‌డీ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైళ్ళు, రాత్రిపూట నాస్‌కి వెళ్ళేలా పెట్టా, ఈసారి బ్యాండ్‌విడ్త్ లిమిట్‌తో. ఆర్‌ఆర్‌డీ ఫైళ్ళు ఒక రకం ప్రాసెసర్ నుంచి ఇంకో రకానికి నేరుగా మారకపోవచ్చు, అలాంటప్పుడు ఎక్స్‌ఎంఎల్‌లోకి డంప్ చేసి అక్కడ మళ్ళీ రిస్టోర్ చేయాలి, మాది రెండు చోట్లా ఒకటే కాబట్టి ఆ బాధ లేదు.

ఖాళీ వర్చువల్ మెషిన్ ఒకటి లేపి నిన్నటి బ్యాకప్‌ని దాంట్లోకి తెచ్చా, పోలర్ ఆపి ఉంచి వెబ్ మాత్రం తెరిచా. ఏ గ్రాఫ్ చూడాలా అని ఆలోచించే పనే లేదు, రెండో అంతస్తు అప్‌లింక్ తీశా. మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం పూట కోసేసినట్టున్న ఆ బల్లపరుపు, ఏడో రోజు తీగ నొక్కిన చోట నుంచి పైకి లేచిన కొండలు, అన్నీ ఉన్నాయి. వర్చువల్ మెషిన్ తీసేశా.